లీకులు ఆపడమా, చెట్లు నాటించడమా?

చమురు, గ్యాస్ కంపెనీ దగ్గర వాతావరణం కోసం కొంత డబ్బు ఉందనుకుందాం. పైపులు, వాల్వుల నుంచి లీకయ్యే మీథేన్‌ను (సహజవాయువులో ఎక్కువ భాగం ఇదే) ఆపాలా, చెట్లు నాటించాలా?

నా ఓటు లీకులకే. 20 ఏళ్ల లెక్కలో చూస్తే మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గాలిలో ఉండేది మాత్రం దాదాపు 12 ఏళ్లే. అందుకే ఆపితే ఫలితం త్వరగా కనిపిస్తుంది. లీకును ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పట్టుకోవచ్చు, పెద్దవైతే ఉపగ్రహాలకే దొరుకుతాయి. పైగా మిగిలిన గ్యాస్‌ను అమ్ముకోవచ్చు. మరి ఇన్నాళ్లూ ఎందుకు వదిలేశారో!

చెట్లు మంచివే. కానీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. కార్చిచ్చు వస్తే దాచిన కార్బన్ మళ్లీ గాలిలోకే. ప్రకటనల్లో ఫొటో మాత్రం బాగుంటుంది.

అయితే లీకులన్నీ ఆపినా, అమ్మిన గ్యాస్ మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి సౌర, పవన విద్యుత్తు వైపు మళ్లాల్సిందే.