‘రెండో కోటుకు రుద్దనక్కర్లేదు’ అనే రెజిన్ కిట్లతో జాగ్రత్త

ఎపాక్సీ రెజిన్ (రెండు ద్రవాలు కలిపి చెక్క మీద పోస్తే గాజులా గట్టిపడే పూత) కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. అమ్మమ్మగారి ఇల్లు పడగొట్టినప్పుడు ఒక టేకు తలుపు తెచ్చుకుని టీపాయ్ చేయించాను. పైన రెజిన్ వేద్దామని ఆన్‌లైన్‌లో 2,800 రూపాయలు పెట్టి కిట్ తెప్పించాను. కోటుకీ కోటుకీ మధ్య ఉప్పుకాగితంతో రుద్దనక్కర్లేదని డబ్బా మీదే ఉంది. నమ్మాను.

వైజాగ్‌లో జూలై నెల, ముసురు. మొదటి కోటు మర్నాడు సాయంత్రానికి గట్టిపడింది. తాకితే కాస్త జిడ్డుగా అనిపించింది. అయినా రెండోది పోసేశాను. పోస్తుండగానే అక్కడక్కడా రెజిన్ పక్కకు తొలగి గుంటలు పడ్డాయి. పది రోజులకు స్టీలు గ్లాసు తగిలి అంచున చిన్న పెచ్చు లేచింది. గోరుతో లాగితే అరచేయంత ముక్క ఊడొచ్చింది. కింద మొదటి కోటు అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. రెండూ అసలు అతుక్కోనే లేదు. ఏడుపొక్కటే తక్కువ.

సీసా తెరిచారు కాబట్టి రిఫండ్ ఇవ్వం అన్నారు అమ్మినవాళ్లు.

డబ్బా మీద రాసింది సగం నిజమే. మొదటి కోటు ఇంకా జిగటగా ఉండి, వేలికి మాత్రం అంటని దశలో రెండోది పోస్తే రుద్దనక్కర్లేదు. ఆ దశ ఉండేది కొన్ని గంటలే. దాటి గట్టిపడిందా, ఉప్పుకాగితం పట్టాల్సిందే. ఇక ఆ జిడ్డు, హార్డెనర్‌ (రెజిన్ గట్టిపడేందుకు కలిపే రెండో ద్రవం)లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కట్టే పొర. చెమ్మ వాతావరణంలో ఎక్కువగా వస్తుంది. నీళ్లకు పోతుంది కాబట్టి ముందు నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగి ఆరనివ్వాలి. కడక్కుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది, కాగితమూ పూడుకుపోతుంది.

మా కార్పెంటర్ బాబాయ్ దగ్గరుండి మళ్లీ చేయించాడు. ఊడేదంతా లేపేసి, కడిగి, 220 నంబరు కాగితంతో ఎక్కడా మెరుపు లేకుండా పాలలా తెల్లబడేదాకా రుద్దాం. ఆ తెలుపు చూసి భయపడకండి, కొత్త కోటు పడగానే గీతలు మాయమవుతాయి. దుమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడిచాం. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. సరిగ్గా గట్టిపడని రెజిన్ పొడి ఎలర్జీ తెప్పిస్తుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు.

కొనేముందు ఎన్ని గంటల్లోపు రెండో కోటు వేయాలో, దాటితే ఏం చేయాలో అమ్మేవాళ్లను మెసేజ్‌లో అడగండి. జవాబు రాసి ఇవ్వకపోతే ఆ కిట్ వద్దు. ఇచ్చాక స్క్రీన్‌షాట్ దాచుకోండి.