బ్రోచర్‌లో 9.9 సెకన్లు: నాలుగేళ్ళు, 62 వేల కిలోమీటర్లు నడిపాక నా లెక్క

హయత్‌నగర్‌లో ఇల్లు, నానక్‌రామ్‌గూడలో ఆఫీసు. వారానికి మూడు రోజులు పెద్ద అంబర్‌పేట దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కుతాను. కారు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న పెట్రోల్, ఆటోమేటిక్. కొని నాలుగేళ్ళయింది, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీ బ్రోచర్ తీసినా ఇదే తీరు కాబట్టి పేరు రాయడం లేదు. మైలేజీ, సర్వీసు, సీట్ల విషయంలో నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. పికప్ గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ కారు కొన్నదే ఆ ఒక్క అంకె చూసి: 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 9.9 సెకన్లు. ఆ అంకె పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు (*) ఉంది. అది ఎందుకుందో కొనేటప్పుడు నేను అడగలేదు.

కొన్న రెండో నెల, మే మధ్యాహ్నం. అమ్మ, నా భార్య, పిల్లలిద్దరు, డిక్కీ నిండా సామాను. టోల్ బూత్ దాటి ర్యాంపు మీద పెడల్ పూర్తిగా తొక్కాను. వెనక ఎడమ లేన్లో ఒక ట్యాంకర్ వస్తోంది. దాని ముందుకు తేలిగ్గా వెళ్ళిపోతాననే అనుకున్నాను. ఇంజిన్ గట్టిగా అరిచింది కానీ కారు అంత వేగం అందుకోలేదు. ట్యాంకర్ డ్రైవర్ హారన్ కొట్టి బ్రేకు వేయబట్టి సరిపోయింది. అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను, ఈ 9.9 ఏమిటో నేనే కొలుస్తానని.

ఫోన్ యాప్‌తో మొదలుపెట్టి మానేశాను. మామూలుగా ఫోన్‌లోని జీపీఎస్ సెకనుకు ఒకసారే వేగం చెబుతుంది. మొదటి గేర్లో ఒక్క సెకనులోనే కారు పదిహేను కిలోమీటర్ల వేగం పెంచుకుంటుంది, ఇక పదోవంతు సెకను తేడా ఎలా తెలుస్తుంది? అందుకని సెకనుకు పదిసార్లు కొలిచే చిన్న జీపీఎస్ పెట్టె కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. డ్యాష్‌బోర్డు మీద అద్దానికి దగ్గరగా పెట్టి, ఉపగ్రహాలు అందేదాకా రెండు నిమిషాలు ఆగాలి. పత్రికలవాళ్ళు వాడే వీబాక్స్ లాంటి పరికరాలు ఇంకా ఖచ్చితమైనవి, పని చేసే పద్ధతి మాత్రం ఇదే.

కొలవడానికి ఓఆర్ఆర్ వాడలేదు, ఎవరూ వాడకూడదు. చౌటుప్పల్ దగ్గర మా బావమరిది స్నేహితుడి ఇళ్ళ స్థలాల వెంచర్ ఉంది. అప్పటికి ఒక్క ఇల్లూ లేదు. 800 మీటర్ల తారు రోడ్డు, చివర గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. ఆయన గేటు వేసి, కుక్కల్ని తరిమి చెయ్యి ఊపాకే బయలుదేరేవాణ్ణి. వందకు చేరడానికి నా కారుకు దాదాపు 180 మీటర్లు పడుతుంది, ఆగడానికి మిగతా రోడ్డు ధారాళంగా ఉంది.

డిసెంబరు పొద్దున, నేనొక్కణ్ణే, సగం ట్యాంకు పెట్రోల్, ఏసీ ఆఫ్. గేటు వైపు వెళ్తే 10.2, తిరిగి వస్తే 11.0. ఇంత తేడా ఎందుకా అని చూస్తే రోడ్డుకు పల్లం ఉంది. వంద మీటర్లకు ఒక మీటరు, అంతే. కంటికి అసలు ఆనదు. ఒకవైపే కొలిచి 10.2 అని చెప్పుకుంటే తప్పు లెక్క అవుతుంది. అందుకే అటూ ఇటూ కొలిచి సగటు తీస్తారు. నాది 10.6.

ఇదే కారు ఉన్న మా ఆఫీసు స్నేహితుడు ఒప్పుకోలేదు. స్పీడోమీటర్‌ను వీడియో తీసి చూపించాడు, లెక్కపెడితే 9.8 వచ్చింది. అబద్ధం ఏమీ లేదు, ముల్లు నిజంగానే 100 మీద ఉంది. కానీ ముల్లు 100 చూపించేటప్పుడు నా పెట్టెలో ఉండేది 95. స్పీడోమీటర్ ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించవచ్చు. యూరప్ దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన 39 ప్రకారం అసలు వేగంలో పదోవంతు, దాని మీద మరో 4 కిలోమీటర్ల వరకు ఎక్కువ చూపినా తప్పు లేదు. అందుకే తయారుచేసేవాళ్ళు ముల్లును కాస్త ముందుకే ఉంచుతారు. 95 నుంచి 100కి చేరడానికి నా కారుకు ముప్పావు సెకను పైనే పడుతుంది. స్నేహితుడి 9.8కి, నా 10.6కి మధ్య తేడా అదే. నెట్లో కనిపించే వీడియోల్లో చాలావరకు ఈ ముల్లు లెక్కే.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది రోల్ఔట్. అమెరికా డ్రాగ్ రేసుల్లో స్టార్ట్ గీత దగ్గర ఒక కాంతి కిరణం ఉంటుంది, ముందు చక్రం దానికి అడ్డుగా నిలబడుతుంది. కారు కదిలి చక్రం పక్కకు తప్పుకుని కిరణం మళ్ళీ వెలిగాకే గడియారం మొదలవుతుంది. ఈలోగా కారు దాదాపు ఒక అడుగు ముందుకు జరిగిపోతుంది. ఆ అలవాటునే అక్కడి పత్రికలు మామూలు కార్ల పరీక్షలకూ తెచ్చాయి, అంటే మొదటి అడుగుకు పట్టిన సమయాన్ని తీసేస్తాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1.99 సెకన్ల అంకె అలా మొదటి అడుగు తీసేసి చెప్పినదే, కంపెనీయే ఆ మాట కింద రాసింది. ఒక్క అడుగే కదా అనిపిస్తుంది. కారు అన్నిటికంటే నెమ్మదిగా ఉండేది ఆ అడుగులోనే. నా కారు ఆ అడుగు దాటడానికే 0.4 సెకన్లు తీసుకుంది, అప్పటికి వేగం ఐదు దాటింది. ఇక అక్కడివాళ్ళు చెప్పేది 60 మైళ్ళకు, అంటే 96.56 కిలోమీటర్లకు. ఆ మిగతా మూడున్నర కిలోమీటర్లకు నాకు ఇంకో అర సెకను. అదే కారు, అదే పొద్దున, అదే రోడ్డు: మన లెక్కలో 10.6, వాళ్ళ లెక్కలో 9.7. విదేశీ వీడియోలో విన్న అంకెను ఇక్కడి బ్రోచర్ అంకె పక్కన పెట్టి పోల్చేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది, లక్షలు పెట్టి కొనే నిర్ణయం కదా.

పరీక్షించేవాళ్ళు ఎడమ కాలితో బ్రేకు నొక్కి, కుడి కాలితో యాక్సిలరేటర్ తొక్కి, టర్బో ఊపందుకున్నాక బ్రేకు వదులుతారు. ఒకసారి చేసి చూశాను, 0.4 తగ్గింది. గేర్‌బాక్స్ మీద పడే వేడి ఆలోచిస్తే మళ్ళీ చెయ్యబుద్ధి కాలేదు. రోజూ నడిపేవాళ్ళు అలా బయలుదేరరు. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 5 మైళ్ళ వేగంతో కదులుతున్న కారును తొక్కి 60కి ఎంతసేపు పడుతుందో కూడా విడిగా కొలుస్తుంది. చిన్న టర్బో ఇంజిన్ల తటపటాయింపు అందులో బయటపడుతుంది.

ఇక అసలు విషయం, బరువు. మిర్యాలగూడ నుంచి ఏటా బియ్యం తెచ్చుకుంటాం. మరుసటి మే నెలలో 25 కిలోల బస్తాలు ఎనిమిది, నేను, బావమరిది. వచ్చే దారిలోనే వెంచర్. సాయంత్రం నాలుగు, ఎండ 42 డిగ్రీలు, ఏసీ ఫుల్. అటూ ఇటూ సగటు 13.2. చాలామంది తప్పు ఇంజిన్ మీద వేస్తారు. నిజానికి ఎక్కువ వాటా బరువుది, మిగతాది ఎండది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతానికి పైగా తగ్గుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, ఎత్తుకు గాలి పలచబడుతుంది కాబట్టి టర్బో లేని ఇంజిన్లకు ఆ కాస్త గాలి కూడా ఏడాదంతా తక్కువే.

అలాగే 40 నుంచి 80కి కూడా కొలిచాను. ఓఆర్ఆర్ మీద ఎడమవైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగం 80, ర్యాంపు నుంచి మనం కలిసేది వాటిలోనే. కాబట్టి నాకు నిజంగా పనికొచ్చే అంకె ఇది. ఒక్కణ్ణే ఉంటే 4.9 సెకన్లు. బస్తాలతో 6.1. సెకన్లలో చూస్తే చిన్న తేడా. 80 అందుకునేలోగా కారు సాగే దూరంలో చూస్తే మొదటిది దాదాపు 82 మీటర్లు, రెండోది 102. ఇరవై మీటర్లు! మధ్యలో ఒక లారీ పూర్తిగా పట్టేస్తుంది. ఆ మొదటి మే నెలలో ర్యాంపు మీద నాకు తక్కువైంది ఇలాంటి దూరమే.

మన దేశంలో కార్ల పత్రికలు కూడా 20-80, 40-100 సమయాలు ఇస్తాయి. కొనేముందు 0-100 కంటే ముందు అవి చూడండి. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ ఎంత శాతం ఉన్నప్పుడు కొలిచారో కూడా చూడాలి, ఛార్జింగ్ బాగా తగ్గాక చాలా వాటిలో పవర్ తగ్గుతుంది. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్ళకండి, ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించుకుని ఏసీ వేసి తొక్కండి. షోరూమ్‌లో నా లెక్కలు చూపించినప్పుడు సేల్స్ అబ్బాయి "సర్, అది టెస్ట్ కండిషన్స్‌లో వచ్చింది" అన్నాడు. ఏ కండిషన్స్ అని అడిగాను: ఎంత బరువు, ఎంత ఎండ, రోల్ఔట్ తీశారా? పాపం అతనికి ఎవరూ చెప్పలేదు. అంకె వేసినవాళ్ళే దాని కింద ఆ మూడూ రాయాలి, నేను కోరేది అంతే.

కారును మాత్రం ఇష్టంగానే నడుపుతున్నాను, ఇప్పుడు దాని శక్తి ఎంతో తెలుసు కాబట్టి. నిండు లోడుతో ఉంటే ర్యాంపు మీద లారీని పోనిచ్చి దాని వెనకే కలుస్తాను. 4.9, 6.1 అని రాసిన చీటీ సన్‌వైజర్‌కు అతికించి ఉంది. నా భార్య నడిపేటప్పుడు కూడా అదే చూసుకుంటుంది. వెంచర్‌లో ఇప్పుడు ఏడెనిమిది ఇళ్ళు లేచాయి, మొన్న వెళ్తే ఆ రోడ్డు మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. అక్కడ కొలవడం ఆపేశాను.