ట్రెయిలర్‌తో గర్రి దీవికి: ఇన్‌స్కిప్ బార్జ్ రివ్యూ

బండి వెనక ట్రెయిలర్ ఉంటే గర్రి దీవికి ఇన్‌స్కిప్ పాయింట్ బార్జే (బండ్లను మోసుకెళ్లే చదునైన పడవ) ఎక్కండి. గర్రి అంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న, 2023 జూన్ దాకా ఫ్రేజర్ ఐలాండ్ అని పిలిచిన దీవే. హెర్వీ బే ఊరి దగ్గరున్న రివర్ హెడ్స్ నుంచి వెళ్లే బార్జ్‌లో లోపమేమీ లేదు. అది దింపే చోటే ట్రెయిలర్‌కి పనికిరాదు.

దీవి పొడవు 120 కిలోమీటర్ల పైనే. ప్రపంచంలోని ఇసుక దీవుల్లో ఇదే పెద్దది. తూర్పున ఉన్న 75 మైల్ బీచే ఇక్కడి హైవే. రివర్ హెడ్స్ బార్జ్‌లు పడమటి ఒడ్డుకు వెళతాయి. కింగ్‌ఫిషర్ బే వైపు సుమారు 50 నిమిషాలు, వాంగూల్బా క్రీక్ వైపు అరగంట. ఎక్కడ దిగినా తూర్పు బీచ్‌కి చేరాలంటే దీవిని అడ్డంగా దాటాలి. ఆ లోపలి దారులు ఒక్క బండి పట్టేంత వెడల్పే. మధ్యలో చెట్ల వేర్లు, లోతైన చక్రాల గాడులు, మెత్తని ఇసుక ఎక్కుళ్లు. వేగ పరిమితి గంటకు 30, అయినా అంత వేగం అందేది తక్కువ. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు పక్కకు తప్పుకునే చోటు దాకా వెనక్కి పోవాలి. గాడిలో ఇరుక్కున్న ట్రెయిలర్‌ని రివర్స్ చేయడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. వానలు లేక ఇసుక ఎండిపోతే దారి ఇంకా మెత్తబడుతుంది. ఇక్కడ వాన పడితేనే దారి గట్టిపడుతుంది.

ఇన్‌స్కిప్ నుంచి వెళ్లే మాంటా రే బార్జ్ దాదాపు 10 నిమిషాల్లో దీవి దక్షిణ కొస హుక్ పాయింట్ దగ్గర దింపుతుంది. ర్యాంప్ దిగితే బీచే, ఎక్కాల్సిన కొండ ఒక్కటీ లేదు. ఫలానా టైముకి అని బుక్ చేసుకోనక్కర్లేదు, బార్జ్‌లు పగలంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ట్రెయిలర్‌తో వెళ్లేవాళ్లకి ఇది చిన్న సుఖం కాదు. దారిలో టైరు పంక్చరై గంట ఆలస్యమైనా టికెట్ పోదు. మీ టైము నిర్ణయించేది బార్జ్ కాదు, సముద్రపు ఆటుపోట్లు (నీరు తగ్గితే ఆటు, పైకి వస్తే పోటు). టికెట్ కాకుండా క్వీన్స్‌లాండ్ పార్క్స్ శాఖ ఇచ్చే వాహన పర్మిట్, క్యాంపింగ్ పర్మిట్ రెండూ ముందే తీసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. ఈస్టర్, క్రిస్మస్, లాంగ్ వీకెండ్‌లలో క్యూ చాలా పొడవు. ఆటు సమయం చూసుకుని అందరూ ఒకే గంటలో వస్తారు మరి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం ఇంకా ఘోరం. జెట్టీ అనేది లేదు, బార్జ్ నేరుగా ఇసుక మీదే ర్యాంప్ దించుతుంది. నీటి మట్టాన్ని బట్టి, ఒడ్డు కోతను బట్టి ఆ చోటు మారుతూ ఉంటుంది. ఇన్‌స్కిప్ ఒడ్డు నిలకడ లేనిది. 2015 సెప్టెంబర్‌లో పక్కనున్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఒడ్డు విరిగి ఓ కారు, కారవాన్, టెంట్లు సముద్రంలోకి జారిపోయాయి. ట్రెయిలర్ ఉన్నవాళ్లకి ఈ సర్వీసుకి 5కి 4 ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు పోయింది బార్జ్ వల్ల కాదు, బార్జ్ దాకా వెళ్లే ఇసుక వల్ల.

ఆ ఇసుక సంగతి వివరంగా చెప్పాలి. దీవి మీద అడుగు పెట్టకముందే చాలా బండ్లు దిగబడేది ఇక్కడే. తారు రోడ్డు అయిపోయాక నీటి అంచు దాకా ఉన్న దారిని రోజంతా వందల చక్రాలు దున్నేస్తాయి. అంత మెత్తని ఇసుకలోకి 38 పీఎస్ఐ గాలితో దిగితే ట్రెయిలర్ ముందు ఆగిపోతుంది, కారు దానికి కట్టేసినట్టు నిలబడిపోతుంది. కాబట్టి తారు అంచులోనే ఆగి గాలి దించండి. సామానుతో ఉన్న కారుకి 18 పీఎస్ఐతో మొదలుపెట్టండి, ట్రెయిలర్‌కీ అంతే. అయినా కూరుకుంటుంటే 16. పదిహేను కిందికి వెళ్లడం దిగబడిన బండిని బయటికి లాగడానికి మాత్రమే. అంత తక్కువ గాలితో మలుపు గట్టిగా తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడి వస్తుంది.

కారు టైర్లలో గాలి దించి ట్రెయిలర్‌ని వదిలేసేవాళ్లు చాలామంది. ఇది పెద్ద తప్పు. ట్రెయిలర్ చక్రాలకి ఇంజన్ శక్తి రాదు, అవి దొర్లడమే పని. గాలి ఎక్కువున్న సన్నని టైరు ఇసుకలోకి దిగి, తన ముందు ఇసుకను తోసుకుంటూ కుప్ప పోస్తుంది. ఆ కుప్పను ఎక్కించే భారమంతా కారు మీదే పడుతుంది. గాలి దించితే టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగి ఇసుక మీద తేలుతుంది. ట్రెయిలర్ చక్రాల మధ్య దూరం కారు చక్రాలతో సమానంగా ఉంటే ఇంకా మంచిది. కారు తొక్కిన గాడిలోనే అవీ నడుస్తాయి. లేకపోతే మీ ట్రెయిలర్ దారి పొడవునా కొత్త గాడి తవ్వుకుంటూ పోవాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్ హై రేంజ్‌లో పెట్టి, స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చక్రం కొంచెం తిరగగానే ఇంజన్ శక్తి కోసేస్తుంది, ఇసుకలో అవసరమైన ఊపు అక్కడే చస్తుంది. బండి భారంగా లాగుతుంటే లో రేంజ్‌కి (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే గేర్లు) మార్చండి, అయితే ఆగే ముందే మార్చాలి. ముందు బండి ర్యాంప్ ఎక్కేదాకా గట్టి తడి ఇసుక మీదే నిలబడండి. మెత్తని ఎక్కుడు మధ్యలో ఆగితే మళ్లీ కదలరు.

ట్రెయిలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే, వాటి బలాన్ని కారులోంచి మార్చే కంట్రోలర్‌ను బాగా తగ్గించండి. రోడ్డుకి సరిపడే సెట్టింగ్‌తో ఇసుకలో బ్రేక్ తొక్కితే ట్రెయిలర్ చక్రాలు బిగుసుకుని లంగరులా దిగబడతాయి. అసలు ఇసుకలో బ్రేక్ వాడకపోవడమే మేలు. యాక్సిలరేటర్ వదిలేస్తే బండి దానంతట అదే ఆగుతుంది. జాకీ వీల్‌ని (ట్రెయిలర్ ముందు భాగాన్ని నిలబెట్టే చిన్న చక్రం) పూర్తిగా పైకి మడవండి, వీలైతే తీసేయండి. అది కిందికి వేలాడితే నాగలి పనిచేస్తుంది. డ్రాబార్ (ట్రెయిలర్‌ని కారుకి కలిపే ముందు కడ్డీ) మీద పడే బరువు ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు దగ్గర ఉంచండి. అంతకు మించితే కారు వెనక చక్రాలు కుంగి ముందు చక్రాలు తేలికబడతాయి, స్టీరింగ్ మాట వినదు. వాటర్ ట్యాంకు నిండా పట్టుకుపోవద్దు. 100 లీటర్లంటే 100 కిలోలు. డుండుబారా, వాడీ పాయింట్ క్యాంప్‌గ్రౌండ్లలో కుళాయి నీళ్లు దొరుకుతాయి. తాగాలంటే మరిగించుకోవాలి.

కారు వెనక గుండు (టో బాల్) మీద ట్రెయిలర్‌ని తగిలించే మామూలు 50 మిల్లీమీటర్ల బాల్ కప్లింగ్ బీచ్ మీద చాలు. ఇసుక దిబ్బ దాటి క్యాంప్ సైట్‌లోకి దిగేటప్పుడు కారు ఒక కోణంలో, ట్రెయిలర్ మరో కోణంలో వాలుతాయి, అక్కడ అది బిగుస్తుంది. డీఓ35 లాంటి అన్ని వైపులకీ తిరిగే కప్లింగ్ ఉంటే ఈ తలనొప్పి లేదు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు (ట్రెయిలర్ బరువును కారు ముందు చక్రాలకీ పంచే కడ్డీలు) వాడేవాళ్లు వాటిని తారు దగ్గరే విప్పేయాలి.

బీచ్ మీదికి వచ్చాక లెక్కంతా పోటుదే. తూర్పు బీచ్‌కి వాడీ పాయింట్ పోటు సమయాలు చూడండి. పోటుకి అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు బండి తీయకండి. నీరు పైదాకా వస్తే మిగిలేది దిబ్బ పక్కనున్న మెత్తని ఇసుకే, అక్కడ ట్రెయిలర్ లాగడం ఇంజన్‌కి శిక్ష. హుక్ పాయింట్ నుంచి తూర్పు ఒడ్డున ఉన్న యూరాంగ్ ఊరు సుమారు 35 కిలోమీటర్లు. ఆటు సమయానికి గంటన్నర, రెండు గంటల ముందే బార్జ్ దిగితే నీరు తగ్గుతూ ఉండగా వెళ్లొచ్చు, మధ్యలో ఏదైనా ఆగినా సర్దుకోవడానికి టైము మిగులుతుంది. పోటు టైములో దిగినవాళ్లకి హుక్ పాయింట్ నుంచి డిల్లీ విలేజ్ వైపు లోపలి దారి ఉంది. గతుకులెక్కువ, కానీ నేల కాస్త గట్టిది.

బీచ్ మీద పరిమితి గంటకు 80. ట్రెయిలర్‌తో 60 దాటొద్దు. కారణం పోలీసులు కాదు (వాళ్లూ ఉంటారు), వాగులు. వాన పడితే దిబ్బల నుంచి వచ్చే నీరు బీచ్‌ని కోసేసి మోకాలి లోతు మెట్టు మిగులుస్తుంది. ఎండలో, ఒకే రంగు ఇసుకలో దగ్గరికొచ్చేదాకా అది కనపడదు. కారు సస్పెన్షన్ దెబ్బ తట్టుకుని దాటేస్తుంది. వెనకే ఒంటి ఇరుసు ట్రెయిలర్ అదే అంచును పూర్తి బరువుతో గుద్దుకుంటుంది. స్ప్రింగ్ విరగడం, ఇరుసు వంగడం, డ్రాబార్ వెల్డింగ్ చీలడం జరిగేది అక్కడే. ఇలై క్రీక్ లాంటి చోట దిగి నడిచి చూసి, నీరు పలచగా పరుచుకున్న చోట నెమ్మదిగా దాటండి. అలల్లోంచి వెళ్లొద్దు. పోయుంగన్ రాక్స్, యిడ్నీ రాక్స్ దగ్గర నల్లని రాళ్లు తేలి ఉంటే పక్కదారి తీసుకోవాలి, ఆ దారులు మెత్తగా ఉంటాయి కాబట్టి ముందే ఊపు అందుకోండి. బీచ్ మీద విమానాలు దిగుతాయి, వాటికి దారి వదలాల్సింది మీరే. ఎదురొచ్చే బండికి ఏ పక్కగా వెళ్తున్నారో ఇండికేటర్ వేసి చెప్పడం ఇక్కడి పద్ధతి.

మహేనో ఓడ శిథిలం దగ్గర అందరూ ఫోటోలకి ఆగుతారు. 1935 జులైలో దాన్ని తుక్కుగా అమ్మి జపాన్‌కి ఇంకో ఓడతో లాక్కుపోతుండగా తుఫానులో తాడు తెగింది, ఇక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తాళ్ల విషయంలో జాగ్రత్త చెప్పడానికి అంతకన్నా పెద్ద బోర్డు అక్కర్లేదు.

బండి దిగబడితే ఏం చేయాలి? ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. చక్రం తిరిగే కొద్దీ ఇరుసు ఇసుక మీద కూర్చుంటుంది. రికవరీ బోర్డులుంటే (దిగబడిన చక్రం కింద పెట్టే పళ్ల పలకలు) చక్రాన్ని వాటి మీద తిప్పొద్దు, రాపిడి వేడికి ప్లాస్టిక్ పళ్లు కరిగిపోతాయి. కారు చక్రాల ముందు, కడుపు కింద ఇసుక తీయండి. ట్రెయిలర్ చక్రాల ముందు కూడా తీయాలి, చాలామంది మరిచేది అదే. బోర్డులు రెండు జతలుంటే కారుకొకటి, ట్రెయిలర్‌కొకటి. అప్పటికీ కదలకపోతే పంతం పట్టొద్దు, ట్రెయిలర్ విప్పేయండి. జాకీ వీల్ కిందా, జాక్ కిందా 20 మిల్లీమీటర్ల మందం, అడుగు చదరం ప్లైవుడ్ ముక్క లేకపోతే అవి ఇసుకలోకి వెళ్లిపోతాయి. కారును గట్టి ఇసుక మీదికి తెచ్చి, పొడవైన తాడుతో ట్రెయిలర్‌ని నెమ్మదిగా, తిన్నగా లాగండి. తాడు చివర ఛాసిస్ రెండు పట్టాలకీ కట్టాలి, లాగేటప్పుడు కుదుపు ఉండకూడదు.

స్నాచ్ స్ట్రాప్ (దిగబడిన బండిని ఇంకో బండితో లాగే సాగే పట్టీ) కార్లకే. దాని తెగే బలం రెండు బండ్లలో తేలికైనదాని గరిష్ఠ అనుమతి బరువుకి రెండు నుంచి మూడు రెట్ల మధ్య ఉండాలి. అంతకన్నా బలమైనది కొంటే అది సాగదు, కుదుపంతా బండికే తగులుతుంది. ట్రెయిలర్ తగిలించి ఉండగా స్నాచ్ చేస్తే ఈ లెక్క మొత్తం తప్పుతుంది. టో బాల్‌కి స్ట్రాప్ ఎప్పుడూ తగిలించవద్దు. అది విరిగితే తూటాలా వచ్చి అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొస్తుంది, ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాయి. ఎంత బరువు తట్టుకుంటుందో రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్ (స్ట్రాప్ తగిలించడానికి బండికి బిగించిన కొక్కెం), రేటింగ్ రాసి ఉన్న షాకిల్ (స్ట్రాప్‌ని దానికి కలిపే ఇనుప లంకె) మాత్రమే వాడండి. చూసేవాళ్లు స్ట్రాప్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. 9 మీటర్ల స్ట్రాప్‌కి అది పదమూడున్నర మీటర్లు.

ఎంత దూరం లాక్కెళ్లాలి? డుండుబారా దాకా చాలు. చుట్టూ డింగోలు (ఆస్ట్రేలియా అడవి కుక్కలు) రాకుండా కంచె ఉంది, క్యాంపర్ ట్రెయిలర్లకి చోటూ ఉంది. అక్కడ విప్పేసి, ఇండియన్ హెడ్ పక్క మెత్తని దారిలో ఉత్త కారుతో వెళ్లి షాంపేన్ పూల్స్ (ఒడ్డున రాళ్ల మధ్య సముద్రపు నీటి మడుగులు) చూసి రావడం తెలివైన పని. ఇంకా ఉత్తరాన ఉన్న ఎన్‌గాలా రాక్స్ వైపు ట్రెయిలర్‌తో వెళ్లే ఆలోచనే వద్దు. మామూలు రోడ్డు కారవాన్‌ని ఈ దీవికే తేవద్దు. అద్దె ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు ఇసుక మీద ట్రెయిలర్ లాగడానికి ఒప్పుకోవు.

రివర్ హెడ్స్ బార్జ్ ఎవరికి? హెర్వీ బే నుంచి ట్రెయిలర్ లేకుండా వచ్చి, పడమటి ఒడ్డున కింగ్‌ఫిషర్ బే రిసార్ట్‌లో దిగేవాళ్లకి అదే హాయి. పగటి పూట ఆటు దొరకని రోజుల్లో కూడా అది మంచిది, ఎందుకంటే దిగీ దిగగానే బీచ్ మీద పడాల్సిన పని లేదు.

తిరిగి వచ్చాక ఇన్‌స్కిప్ దగ్గర తారు ఎక్కగానే గాలి నింపండి. కారు నాలుగు, ట్రెయిలర్ రెండు, మొత్తం ఆరు టైర్లు. నిమిషానికి 70 లీటర్ల లోపు ఇచ్చే చిన్న కంప్రెసర్‌తో ఆ పని తేలదు, వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. రెయిన్‌బో బీచ్ ఊళ్లోనే కింది భాగమంతా మంచినీళ్లతో కడగాలి. ట్రెయిలర్ హబ్‌ల (బేరింగ్‌లు ఉండే చక్రం మధ్య భాగాలు) మీద కన్ను వేయండి. పరుగులో వేడెక్కిన హబ్ చల్లని ఉప్పునీటిలో పడితే లోపలి గాలి కుంచించుకుని సీలు పక్కనుంచి నీటిని పీలుస్తుంది. డస్ట్ క్యాప్ తీసి చూస్తే గ్రీజు పాల రంగులోకి మారి ఉందంటే నీరు చేరినట్టే. బేరింగ్‌లు కడిగి కొత్త గ్రీజు పట్టించాకే బ్రిస్బేన్ దారి పట్టండి. డబ్బాలో ఒక సెట్ బేరింగులు, సీళ్లు, గ్రీజు ఉంచుకుంటే ఆ పని క్యాంప్‌లోనే అయిపోతుంది.