ఆన్‌లైన్ ఐక్యూ టెస్ట్: ప్రశ్నలు ఓకే, స్కోరుతోనే పేచీ

పేరు చెప్పను గానీ ఇలాంటి సైట్లు బోలెడు ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. "మీ ఐక్యూ ఎంతో నిమిషాల్లో తెలుసుకోండి" అన్న ప్రకటన చూసి ఒక సైట్లో ఈ టెస్ట్ రాశాను.

ప్రశ్నలు నిజంగానే బాగున్నాయి. మూడు వరసల గళ్లు, చివరి గడి ఖాళీ, అందులో ఏ బొమ్మ రావాలో పట్టుకోవాలి, అంటే 1930ల్లో బ్రిటిష్ సైకాలజిస్ట్ రేవెన్ తయారుచేసిన మాట్రిసెస్ అనే బొమ్మల పరీక్ష తరహా అన్నమాట. ఒకదాంట్లో గీత గడిగడికీ 45 డిగ్రీలు తిరుగుతుంటే చుక్కలేమో పైనుంచి కిందికి ఒక్కొక్కటే తగ్గుతున్నాయి, ఆ రెండూ కలిపి చూడాలని తట్టేసరికి భలే మజా వచ్చింది.

అంతా అయ్యాక రిజల్ట్ చూడాలంటే డబ్బు కట్టమంది. మొదట్లో ఆ ముక్క ఎక్కడా లేదు! కట్టాను. బంగారు అంచు సర్టిఫికెట్ మీద 134 అని వచ్చింది.

ఎవరితో పోలిస్తే 134? ఐక్యూ అంటే మన వయసువాళ్లలో మనం ఎక్కడున్నామో చెప్పే అంకె. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) 15 ఉండేలా లెక్క కడతారు, అందుకే దాదాపు 68 శాతం మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. ఆ సగటు ఊరికే రాదు. 2008లో అమెరికాలో వచ్చిన వెష్లర్ పెద్దల ఐక్యూ పరీక్ష నాలుగో ఎడిషన్‌కి వయసు, చదువు, ప్రాంతం అన్నీ చూసి ఎంచిన 2,200 మందికి ముందుగా పరీక్ష పెట్టి ఆ లెక్క తీశారు. ఈ సైటు నా వయసే అడగలేదు, ఈమెయిల్ మాత్రం రెండుసార్లు అడిగింది.

పైగా వెష్లర్‌లో సైకాలజిస్ట్ ఎదురుగా కూర్చుని అంకెలు వెనక్కి చెప్పిస్తారు, రంగు దిమ్మలు పేర్పిస్తారు, మాటలకు అర్థాలు అడుగుతారు, చివర్లో స్కోరుతో పాటు అది ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాసిస్తారు. ఇక్కడ బొమ్మల పజిళ్లు తప్ప ఇంకేం లేవు, కానీ కింద మాత్రం "మీ సంపూర్ణ మేధస్సు" అని రాసుకున్నారు. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే ఫ్రెంచ్ పరిశోధకులు ఈ మేధస్సు పరీక్షలు మొదలుపెట్టింది బడిలో అదనపు సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ కోసం కాదు.

పజిళ్ల సరదా ఉంటే ఆడుకోండి, డబ్బు అడిగిన పేజీ దగ్గర ట్యాబ్ మూసేయండి. పిల్లల చదువు గురించో, జ్ఞాపకశక్తి గురించో నిజంగా టెన్షన్ ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్‌నే కలవండి. అయిదుకి రెండు స్టార్లు, ఆ రెండూ ప్రశ్నలు తయారుచేసినవాళ్లకే.