చిక్కడపల్లి ప్రింటింగ్ ఆఫీసులో సర్వర్: మూడున్నరేళ్ళు వాడాక

చిక్కడపల్లిలో మాది చిన్న ప్రింటింగ్ ఆఫీసు. ముందు గదిలో డిజైన్, వెనక ఒక ఆఫ్‌సెట్ మిషన్, మెట్ల పక్కన బిల్లింగ్. తొమ్మిది కంప్యూటర్లు, పదకొండు మంది మనుషులం. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఏడాది చివర్లో క్యాలెండర్లు చేస్తాం. ఆషాఢంలో పెళ్ళి పనులు ఉండవు కాబట్టి 2022 జూలైలో ఆ నెల చూసుకుని ఆఫీసు నెట్‌వర్క్ అంతా మార్చి, మధ్యలో అందరి ఫైళ్ళూ ఒకేచోట ఉంచే కంప్యూటర్, అంటే ఒక సర్వర్ పెట్టాం. కొనే ముందు నాకు అమ్మేవాళ్ళ మాటలు చాలా దొరికాయి, వాడినవాళ్ళ మాట ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అంతకుముందు మా సర్వర్ అంటే మా సీనియర్ ఆపరేటర్ కంప్యూటరే. ఆఫీసులో అందరం ఆయన్ని బాబాయ్ అంటాం. ఆయన సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి ఉండేది, మిగతావాళ్ళంతా దాంట్లోంచే ఫైళ్ళు తీసుకునేవాళ్ళు. ఆయన రీస్టార్ట్ కొడితే మిగతా ఎనిమిది సిస్టమ్‌లలో పని ఆగేది. ఆయన సెలవు పెట్టిన రోజు ఎవరో ఒకరు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగేవాళ్ళు. షేరింగ్ మొరాయిస్తే పెన్‌డ్రైవ్. పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్ వచ్చి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయేవి. ఒకే శుభలేఖకు మూడు సిస్టమ్‌లలో మూడు ఫైళ్ళు: ఫైనల్, ఫైనల్ కరెక్షన్, ఫైనల్ కొత్తది.

2022 వేసవిలో దాని ఫలితం అనుభవించాం. ఒక కుటుంబం ప్రూఫ్‌లో ముహూర్తం సమయం దిద్దించి సంతకం పెట్టి వెళ్ళారు. దిద్దిన ఫైల్ ఒక సిస్టమ్‌లో ఉంది, అచ్చు ప్లేటు చేయించడానికి వెళ్ళింది మరో సిస్టమ్‌లోని పాత ఫైల్. ఐదు వందల కార్డులు తప్పు సమయంతో అచ్చయ్యాయి. మళ్ళీ వేసిచ్చాం, డబ్బులు పోతే పోయాయి. కానీ ఆ అమ్మాయి తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి, "ఇవి పంచేసి ఉంటే మా పరిస్థితి ఏంటమ్మా?" అని అడిగిన మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. సర్వర్ కొనాలని నిర్ణయించింది ఆ రోజే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగైదు షాపులు తిరిగాం. ఒకరు మంచి డెస్క్‌టాప్ తీసుకుని దాన్నే సర్వర్‌గా వాడుకోమన్నారు. మామూలు విండోస్‌లో ఫైల్ షేరింగ్‌కు ఒకేసారి ఇరవై కనెక్షన్ల పరిమితి ఉంటుంది. మాకు అది సరిపోయేదే, కానీ ఎవరు ఏ ఫోల్డర్ చూడాలో ఒకచోట కూర్చుని నియంత్రించే వీలు ఉండదు. మరొకరు నాస్ బాక్స్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచుకునే చిన్న పెట్టె చూపించారు. నిజం చెప్పాలంటే, ఫైళ్ళు దాచుకోవడం ఒక్కటే పనైతే నాస్ చాలు. ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ. మాకు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ గోల్డ్ (ఒకేసారి చాలామంది వాడే) లైసెన్స్, దాని డేటా, అందరి లాగిన్‌లు కూడా ఒకే మిషన్ మీద ఉండాలి కాబట్టి టవర్ సర్వర్ వైపు వెళ్ళాం. ఇంటెల్ జియాన్-ఈ ప్రాసెసర్, చిన్న తప్పులు తనే సరిదిద్దుకునే 16 జీబీ ఈసీసీ మెమరీ, రెయిడ్ 1లో (ఒకే సమాచారం రెండిట్లోనూ పడేలా) రెండు 4 టీబీ డిస్కులు, చిన్న ఆఫీసుల కోసం ఉన్న విండోస్ సర్వర్ 2022 ఎసెన్షియల్స్. ఈ ఎడిషన్‌లో 25 మంది యూజర్ల వరకు, 50 డివైస్‌ల వరకు విడిగా లైసెన్సులు కొనక్కర్లేదు. పది, పదిహేను మంది ఉన్న ఆఫీసుకు ఇది పెద్ద ఆదా. మా బిల్లుల ప్రకారం సర్వర్, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్, యూపీఎస్, కేబులింగ్, విండోస్ ప్రో అప్‌గ్రేడ్‌లు అన్నీ కలిపి రెండు లక్షల నలభై వేల దాకా అయింది.

అసలు పాఠం కేబుల్ దగ్గర నేర్చుకున్నాం. మొదట సెట్ చేసిన మనిషి పాత వైర్లే చాలన్నాడు. కొత్త గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) స్విచ్‌కు పాత వైర్లు తగిలించి వెళ్ళిపోయాడు. సర్వర్ వచ్చింది కానీ వేగం రాలేదు. 900 ఎంబీ ఫ్లెక్స్ ఫైల్ కాపీ కావడానికి ఎప్పటిలాగే నిమిషంన్నర దాకా పట్టేది. అంత డబ్బు పెట్టి మోసపోయామేమోనని టెన్షన్ పడ్డాను. మా డిజైనర్ కుర్రాడు స్విచ్ మీద లైట్లు చూసి, "మేడమ్, అన్నీ వంద ఎంబీపీఎస్ దగ్గరే లింక్ అవుతున్నాయి" అన్నాడు. గోడ దగ్గర డబ్బాలు విప్పితే కారణం తెలిసింది. పదేళ్ళ కిందట వేసిన ఆ వైర్లలో ఒక్కో కేబుల్‌ను చీల్చి రెండు కంప్యూటర్లకు కనెక్షన్ ఇచ్చారు. కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. వంద ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు కాబట్టి ఇన్నేళ్ళూ నడిచింది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి.

మొత్తం పీకించి క్యాట్ 6 రకం కేబుల్ వేయించాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తక్కువ ధర కేబుల్ చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినది. మేం కేబుల్ చుట్ట కొనే ముందు తీగ చివర బ్లేడుతో గీకి చూశాం. లోపల తెల్లగా కనిపిస్తే వద్దన్నాం. కరెంటు వైరు వెళ్ళే పైపులోంచి నెట్‌వర్క్ కేబుల్ పోనివ్వలేదు, విడిగా కేసింగ్ పట్టీ వేయించాం. ప్రతి కేబుల్‌కు రెండు చివర్లా ఒకే నంబరు రాసి అంటించాం. ఈ నంబర్ల వల్ల ఆ తర్వాత ఎన్ని గంటలు మిగిలాయో లెక్కలేదు. ఇప్పుడు అదే 900 ఎంబీ ఫైల్ పది సెకన్ల లోపు వచ్చేస్తుంది. వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకు మహా అయితే పన్నెండున్నర ఎంబీ, గిగాబిట్ అంటే దానికి పదింతలు. ఇంత తేడా తెచ్చినవి స్విచ్, వైర్లే. మీ బాధ వేగం ఒక్కటే అయితే సర్వర్ కొనకముందు మీ గోడలో వైరు ఎలా ఉందో చూసుకోండి.

సర్వర్ వల్ల నిజంగా మారింది వేరే ఉంది. 'ప్లేటుకు' అని ఒక ఫోల్డర్ పెట్టాం. అందులో ఫైల్ పెట్టే అధికారం బాబాయ్‌కి, నాకు మాత్రమే. కస్టమర్ సంతకం పెట్టిన ప్రూఫ్ కాగితం చేతిలో ఉంటేనే పెడతాం. ప్లేటు చేయించడానికి వెళ్ళే కుర్రాడు ఆ ఫోల్డర్ తెరవగలడు, మార్చలేడు. మిగతా ఏ ఫోల్డర్లూ అతనికి కనిపించవు. మూడున్నరేళ్ళలో పాత ఫైల్ అచ్చుకు వెళ్ళడం ఒక్కసారి కూడా జరగలేదు. నా దృష్టిలో పెట్టిన డబ్బంతా ఇక్కడే తిరిగి వచ్చేసింది.

మొదటి నెల మాత్రం అందరికీ కష్టమైంది. ప్రతివాళ్ళకూ సొంత లాగిన్, సొంత పాస్‌వర్డ్. బాబాయ్ బాధపడ్డారు. "ఇరవై ఏళ్ళుగా ఉన్నాను, ఇప్పుడు నా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నారు. ఆయన పక్కన కూర్చుని, తప్పు జరిగినప్పుడు నింద ఆయన మీద పడకుండా కాపాడేది కూడా ఈ లాగినే అని వివరంగా చెప్పాను. ఆ తర్వాత ఆయనే అందరికంటే పట్టుదలగా పాటించారు. ఇంకో సమస్య, కొన్నాళ్ళకు ఉదయం లాగిన్ కావడానికి మూడు, నాలుగు నిమిషాలు పట్టడం మొదలైంది. ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన మనిషి కంప్యూటర్లలో డీఎన్ఎస్ (పేరును బట్టి అడ్రస్ వెతికిపెట్టేది) సెట్టింగ్ మార్చేసి వెళ్ళాడు. డొమైన్‌లో, అంటే సర్వర్ అజమాయిషీలో ఉన్న కంప్యూటర్లకు డీఎన్ఎస్‌గా సర్వర్ అడ్రసే ఉండాలి. అది సరిచేయగానే మామూలైంది. విండోస్ హోమ్ ఉన్న కంప్యూటర్లు డొమైన్‌లో చేరవు, ప్రో కొనాలి. కొటేషన్‌లో ఈ ఖర్చు ఎవరూ రాయరు, మీరే అడగండి.

షాడో కాపీలు, అంటే ఆ క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో సర్వర్ దాచుకునే నకళ్ళు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఏడింటికి పడేలా పెట్టాం. 2023 క్యాలెండర్ల సీజన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పన్నెండు నెలల పేజీల మీద వేరే కస్టమర్ లేఅవుట్ సేవ్ చేసేసింది. ఏడుపు ముఖంతో వచ్చి, "అక్కా, ఉద్యోగం పోతుందా?" అంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఒంటిగంటప్పటి కాపీ వెనక్కి తెచ్చాం. రెండు నిమిషాల పని.

బ్యాకప్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రెండు డిస్కుల్లో ఒకటే సమాచారం ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. ఒక డిస్కు పాడైతే రెయిడ్ కాపాడుతుంది. మనిషి పొరపాటున తుడిచేస్తే రెండిట్లోనూ తుడిచిపోతుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే రెండూ పోతాయి. మేం మొదటి నుంచీ రోజూ బయటి డిస్కులోకి బ్యాకప్ పెట్టాం. ఏడాది తర్వాత ఊరికే ఒక ఫైల్ వెనక్కి తీసి చూద్దామని ప్రయత్నిస్తే, ఆ డిస్కు నిండిపోయి ఐదు నెలలుగా బ్యాకప్పే పడటం లేదు. ఆ ఐదు నెలల్లో ఏమైనా జరిగి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ పుడుతుంది. ఆ రోజు నుంచి రెండు బయటి డిస్కులు వారం మార్చి వారం వాడుతున్నాం, ఒకటి ఎప్పుడూ మా ఇంట్లో ఉంటుంది. ట్యాలీ డేటా, ఆ ఏడాది పనులు క్లౌడ్‌లోకి వెళ్తాయి. అంతా పంపాలంటే కుదరదు. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఒక టీబీ వెళ్ళడానికే దాదాపు రెండు రోజులు పడుతుంది. నెలలో మొదటి శనివారం బ్యాకప్ నుంచి ఒక ఫైల్ తీసి, తెరిచి చూసి, గోడ మీది క్యాలెండర్‌లో టిక్ పెడతాం.

2024 మేలో ఒక డిస్కు పోయింది. సర్వర్ బీప్ కొట్టింది, మెయిల్ వచ్చింది, పని మాత్రం ఆగలేదు. మర్నాడు కొత్త డిస్కు వేస్తే సాయంత్రానికి తనంతట తానే నింపుకుంది. ఎండలు నలభై దాటిన రోజులవి, పైగా మేం సర్వర్‌ను ప్రెస్ గదికి దగ్గరగా పెట్టాం. ఆఫ్‌సెట్‌లో కాగితాలు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లే పౌడర్, కాగితం నుసి కలిసి ఫ్యాన్ల మీద మెత్తటి పొరలా పేరుకుపోయాయి. డిస్కు దానివల్లే పోయిందని నేను తేల్చి చెప్పలేను, కానీ తర్వాతి ఆదివారమే ఏసీ ఉన్న ముందు గదిలోకి మార్చాం. ఫ్యాన్ చప్పుడు ఆ గదిలో వాళ్ళకు కొంచెం ఇబ్బందే. ఏప్రిల్, మే గాలివానలకు కరెంటు పోతూనే ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్ యూపీఎస్ తప్పనిసరి. దాని యూఎస్‌బీ వైరు సర్వర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ దానంతటదే పద్ధతిగా ఆగిపోయేలా పెట్టుకోవాలి. రెండున్నరేళ్ళకు బ్యాటరీలు మార్చాల్సి వచ్చింది.

పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన పాత పుస్తకాల కోసం ఒక విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఇంకా ఉంది. దాన్ని కలపడానికి సర్వర్‌లో ఎస్ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఆన్ చేద్దామన్నాడు సర్వీస్ అబ్బాయి. నేను ఒప్పుకోలేదు. 2017లో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ దారిలోనే. ఆ సిస్టమ్ నెట్‌వర్క్‌కు బయటే ఉంటుంది, దాని ఫైళ్ళు వైరస్ స్కాన్ చేశాకే లోపలికి వస్తాయి. ఇంటి నుంచి చూడటానికి, దూరం నుంచి సర్వర్ తెర చూపించే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం కూడా అలాంటిదే, అసలు చేయకండి. మేం రౌటర్‌లో వీపీఎన్, అంటే మనవాళ్ళు మాత్రమే రాగలిగే రహస్య దారి పెట్టుకున్నాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయినప్పుడు మా మూడు కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరాలేదు, కొత్తవి తీసుకున్నాం. ఫైళ్ళన్నీ సర్వర్‌లోనే ఉండటంతో మూడూ మార్చడం ఒక్క పూటలో అయిపోయింది. ఇదివరకు ఒక్క సిస్టమ్ మారిస్తే వారం రోజులు వెతుకులాటే.

వెతుకులాట అంటే గుర్తొచ్చింది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కట్టిన శుభలేఖ లోపలి తెలుగు, కంప్యూటర్ వెతుకులాటకు దొరకదు. అందుకని ఏడాది, నెల, ఇంటిపేరు, పని పేరు అనే వరుసలో ఫైల్ పేరు యూనికోడ్ తెలుగులోనే (కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లో) పెట్టాలని నియమం పెట్టుకున్నాం. తన సిస్టమ్‌లోని పాత ఫైళ్ళకు కూడా బాబాయ్ మూడు నెలలు కూర్చుని ఇలాగే పేర్లు మార్చారు. పోయిన శ్రావణంలో ఒకావిడ వచ్చి, "పెద్దమ్మాయి పెళ్ళి కార్డు మీ దగ్గరే వేయించామమ్మా, 2019లో. చిన్నదానికీ అదే మాదిరి కావాలి" అన్నారు. ఇంటిపేరు కొడితే అర నిమిషంలో వచ్చింది. తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి, కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. సర్వర్‌లోనే ఫాంట్ల ఫోల్డర్ ఉంది కాబట్టి అప్పటికప్పుడు వేసి చూపించాం. ఫాంట్లు కూడా సర్వర్‌లో దాచుకోండి, ఫైల్ ఒక్కటే ఉంటే చాలదు.

మళ్ళీ కొంటే? వైర్లు ముందు వేయిస్తాను, సర్వర్ తర్వాత కొంటాను. డిస్కులు రెండు కాకుండా మూడు తీసుకుని ఒకటి బీరువాలో పెడతాను. ఏటా పద్దెనిమిది వేలు కడుతున్న సర్వీస్ ఒప్పందంలో "బ్యాకప్ తెరిచి చూపించాలి" అనే మాట మొదటి రోజే రాయించుకుంటాను. పదకొండు మందికి బదులు ముగ్గురే ఉండి, ట్యాలీ ఒకే సిస్టమ్‌లో నడిచే ఆఫీసైతే సర్వర్ జోలికి వెళ్ళకుండా నాస్, మంచి స్విచ్, రెండు బయటి డిస్కులతో సరిపెట్టుకోమంటాను.

మిగిలిన పాత డిస్కుకు ఈ ఆషాఢానికి నాలుగేళ్ళు నిండుతాయి. అది పోయేదాకా ఆగకుండా ఆ నెలలోనే మార్చేస్తున్నాం. బాబాయ్ ఇప్పటికే క్యాలెండర్‌లో రాసిపెట్టారు.