మూడు బసలు, నాలుగు టార్చిలు

తెల్లవారుజామున రెండున్నరకు బస వాళ్లు తలుపు తట్టారు. సూర్యోదయాన్ని శిఖరం మీది నుంచి చూడాలంటే ఆ వేళకే బయలుదేరాలి. బయట కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మొత్తం తొమ్మిది మందిమి. దారి చూపే ఆయన ముందు, మేము వెనక. మా తమ్ముడి చేతిలో కొత్త టార్చి ఉంది. అది ఇచ్చే మొత్తం వెలుగు కొలత 1,800 ల్యూమెన్లు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది. మీట నొక్కగానే ఎదుటి కొండ వాలంతా పగటిలా వెలిగింది, అందరూ ఆశ్చర్యపోయారు. ఐదు నిమిషాలు గడిచేసరికి దాని ఒళ్లు కాలిపోయేంత వేడెక్కి, వెలుగు సగానికి పడిపోయింది. రెండు గంటలు నడిచాక, దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోట, అది పూర్తిగా ఆరిపోయింది.

ఎనిమిది రాత్రుల ప్రయాణం మాది. కొండ మీది బసలో రెండు, నది ఒడ్డు గుడారాల్లో మూడు, సముద్రతీరపు కుటీరంలో మూడు రాత్రులు గడిపాం. తమ్ముడు, వాడి పదేళ్ల కూతురు, నేను. నాలుగు టార్చిలు తీసుకెళ్లాం: తమ్ముడి పెద్ద టార్చి, తలకు కట్టుకునే నా హెడ్‌ల్యాంప్, ఒకే సెల్లుతో పనిచేసే లోహపు టార్చి, పాపకు ఇచ్చిన చిన్న పెన్సిల్ సెల్లు టార్చి. గదులూ పడకలూ ఎలా ఉన్నాయో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, చీకటి పడ్డాక ఆ మూడు చోట్లూ ఎలా ఉన్నాయో, ఆ చీకట్లో ఏ దీపం నిలిచిందో నేను చెబుతాను.

తమ్ముడి టార్చి పెట్టె మీద ‘1,800 ల్యూమెన్లు’, దాని పక్కనే ‘3 గంటలు’ అని ఉంది. రెండూ నిజమే, కానీ రెండూ ఒకేసారి నిజం కావు. టార్చిలను కొలిచే ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం 2009లో వచ్చింది. దాని ప్రకారం వెలుగును దీపం వేసిన 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్నది మాత్రం ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కపెడతారు. అంటే మూడో గంట చివర మిగిలేది 180 ల్యూమెన్లే అయినా ఆ లెక్క తప్పు కాదు. ఎల్‌ఈడీ పుట్టించే వేడి చిన్న గొట్టంలోంచి బయటికి పోలేదు. అందుకే లోపలి సర్క్యూటే ముందుజాగ్రత్తగా వెలుగును తగ్గించేస్తుంది. మాకు కావలసిందల్లా అడుగు ముందు పది మీటర్ల నేల, ఐదు గంటలపాటు. దానికి వంద ల్యూమెన్లు చాలు. ఆ వంద కూడా మొదటి గంటలోనూ ఐదో గంటలోనూ ఒకేలా ఉండాలి. కొనేవాళ్లు పెట్టె వెనక ఉండే చిన్న పట్టిక చదవాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. మధ్య స్థాయి వెలుగు ఎన్ని గంటలు వస్తుందో ఆ వరుసలో ఉంటుంది. నా లోహపు టార్చికి 150 ల్యూమెన్ల దగ్గర పది గంటలకు పైగా అని రాసి ఉంది. ఆ రాత్రి మా ముగ్గురినీ పైకి చేర్చింది అదే.

దూరం లెక్కా ఇలాంటిదే. పెట్టె మీద ‘200 మీటర్లు’ అని ఉందంటే 200 మీటర్ల దూరంలో ఉన్నది స్పష్టంగా కనబడుతుందని కాదు. అక్కడ పడే వెలుగు 0.25 లక్స్, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంత అని అర్థం. ఆ దూరం రెట్టింపు కావాలంటే కాంతి తీవ్రత నాలుగు రెట్లు పెరగాలి. ఆ తీవ్రతను క్యాండెలాల్లో కొలుస్తారు: 10,000 క్యాండెలాల కాంతి 200 మీటర్లు వెళ్తే, 400 మీటర్లకు 40,000 కావాలి. నడకకు దూరం కొట్టే సన్నని కాంతి కన్నా పాదాల చుట్టూ పరుచుకునే వెడల్పాటి వెలుగే మేలు.

సగం దారిలో మంచు దిగింది. నా హెడ్‌ల్యాంప్ వేసుకుంటే కళ్ల ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. దారి చూపే ఆయన వెనక్కి వచ్చి, “తల మీది నుంచి తీసి నడుము దగ్గర పట్టుకోండి” అన్నారు. పట్టుకోగానే దారి తేరుకుంది. మంచు బిందువుల మీద పడిన వెలుగు నేరుగా కళ్లలోకి తిరిగి రావడమే ఆ తెల్లదనానికి కారణం. దీపం కంటికి దూరంగా, కిందుగా ఉంటే ఆ బాధ చాలా వరకు తగ్గుతుంది. అంతేకాదు, నడుము ఎత్తు నుంచి పడే వెలుగులో ప్రతి రాయికీ నీడ కనబడుతుంది. నీడను బట్టే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తల మీది దీపం ఆ నీడలను రాళ్ల వెనకే దాచేస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాల్సిన చోట హెడ్‌ల్యాంప్‌కు సాటి లేదు, నేను కాదనను. కానీ ఒక్క హెడ్‌ల్యాంప్‌నే నమ్ముకుని రాత్రివేళ కొండ ఎక్కవద్దు.

ఆ బస గురించి నా తీర్పు ఇది. దారి చూపే మనుషుల కోసమైనా వెళ్లాలి. వాళ్ల ఓర్పు, దారి మీద పట్టు గొప్పవి. కానీ అక్కడ అద్దెకిచ్చే టార్చిలను నమ్మవద్దు. మా గుంపులో నలుగురు అవే తీసుకున్నారు, రెండు మధ్యలోనే మిణుకుమిణుకుమన్నాయి. దిగి వచ్చాక విప్పి చూస్తే స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఆల్కలైన్ సెల్లు చాలాకాలం లోపలే ఉండిపోతే కారే పొటాషియం హైడ్రాక్సైడ్ చేసిన పని అది. పాత సెల్లూ కొత్త సెల్లూ కలిపి వేస్తే ఈ కారడం మరింత తొందరగా వస్తుంది. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిస్తే ఆ క్షారం విరుగుతుంది. మాకు దారి చూపిన ఆయనా నేనూ కూర్చుని రెండిటిని బాగు చేశాం. ఛార్జింగ్‌కు బసంతటికీ ఒకటే చోటు, అదీ సాయంత్రం జనరేటరు నడిచే రెండు గంటలే. సెల్లు తీయడానికి వీల్లేని టార్చి అక్కడ రెండో రాత్రికే బరువుగా మారుతుంది.

నది ఒడ్డుకు విమానంలో వెళ్లాం. అదనపు లిథియం సెల్లను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానాశ్రయంలో నా పెట్టె తెరిపించి మరీ తీయించారు. వాటి ధ్రువాలు ఒకదానికొకటి తగలకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటే మంచిది.

గుడారాల శిబిరం నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన చోటు. కారణం అక్కడి చీకటి. దారి పొడవునా మోకాలి కన్నా కిందుగా, నేలనే చూసే పసుపు దీపాలు పెట్టారు. రాత్రి పది దాటాక తెల్ల దీపం వేయవద్దని, ఎర్రదే వాడమని వచ్చిన రోజే మర్యాదగా చెప్పారు. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల వెలుగుతో ఆ అలవాటంతా పోతుంది. మందమైన ఎర్ర వెలుగుకు అంతగా చెదరదు. మొదటి రాత్రి నేను అలవాటు కొద్దీ తల తిప్పి మాట్లాడుతుంటే, “పెదనాన్నా, నా కళ్లలో వేయకండి” అని పాప అరచేయి అడ్డం పెట్టుకుంది. అప్పటి నుంచి ఎర్ర దీపానికే మారాను. అలా కూర్చున్న అరగంటకు నది మీద నక్షత్రాల నీడలు కనబడ్డాయి. మీట ఒక్కసారి నొక్కగానే నేరుగా ఎర్రగానో, అతి తక్కువ వెలుగుతోనో మొదలయ్యే దీపం కొనమని నేను చెప్పేది ఆ రాత్రి చూసినందుకే. ప్రతిసారీ పూర్తి వెలుగులోంచి తిరిగి రావలసిన టార్చి ఇలాంటి చోట్ల పనికిరాదు.

తాడును చూసి పామనుకోవడం మన వేదాంతులకు ప్రియమైన పోలిక. అక్కడ దానికి తిరగేసిన సంగతి జరిగింది. స్నానాల గదికి వెళ్లే దారిలో ఎండుటాకుల మధ్య ఏదో కొమ్మ పడి ఉంది. తమ్ముడి టార్చి నీలిఛాయ వెలుగులో ఆకులూ కొమ్మా అంతా ఒకటే బూడిదరంగు. నా లోహపు టార్చి వేయగానే ఆ కొమ్మ మీద పొలుసుల గోధుమరంగు విడిపోయి కనబడింది. ఇద్దరం ఆగిపోయాం. అది తన దారిన వెళ్లింది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అనే కొలత ఉంది, దానికి గరిష్ఠం 100. నా టార్చిది 90కి పైన, చాలా మామూలు టార్చిలకు 70 చుట్టుపక్కల ఉంటుంది. రంగు నిజంగా కనబడే ఎల్‌ఈడీకి కాస్త వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను నేను సంతోషంగా ఒప్పుకుంటాను. గాయం ఎంత లోతో చూడాలన్నా, పటం మీద ఎర్ర గీతను గోధుమ గీత నుంచి విడదీయాలన్నా ఇదే కావాలి.

మన్నిక సంగతి పాప తేల్చింది. రాతి మీది నుంచి తన చిన్న టార్చిని జారవిడిచింది. అది రెండు గెంతులు గెంతి నీళ్లలో పడింది. మోకాలి లోతులో ఇసుక మీద వెలుగుతూనే ఉంది. దాని మీద ఐపీఎక్స్-7 అని ఉంది: మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరకూడదు. ఐపీఎక్స్-4 అంటే చిందే నీటికి తట్టుకోవడం మాత్రమే, మునిగితే హామీ లేదు. కానీ ఈ హామీ అంతా మూత తిప్పి బిగించే మరల దగ్గర ఉండే పలుచని రబ్బరు వాషరు మీద ఆధారపడి ఉంటుంది. అందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా, రబ్బరు ఎండి పగిలినా ఆ అంకెకు విలువ లేదు. ఆ సాయంత్రమే నాలుగిటి వాషర్లనూ తుడిచి కాస్త సిలికాన్ గ్రీజు రాశాను. ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత మాత్రమే ఉన్న టార్చిలో ఆ మూత వదులైతే చాలు, నీరు పోతుంది. అల్యూమినియం ఒంటికి అనోడైజింగ్ అనే గట్టి పైపొర ఉంటే గీతలు తక్కువ పడతాయి. అయితే చలిలో చేతికి అది మంచుగడ్డలా తగులుతుంది. ప్లాస్టిక్ ఒళ్లు చెడ్డదేమీ కాదు, పాపది ప్లాస్టిక్‌దే.

సముద్రతీరం చేరిన రెండో రోజు గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నమే కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోను సిగ్నల్ పోయింది. అక్కడి ఉద్యోగుల సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను. గాలి పెరగకముందే ప్రతి కుటీరానికీ వచ్చి, కొవ్వొత్తులు వెలిగించవద్దని చెప్పి, బ్యాటరీ లాంతరు ఒకటి ఇచ్చారు. “ఏదైనా అవసరం పడితే బయటికి రాకండి. కిటికీలోంచి నిమిషానికి ఆరుసార్లు దీపం వేసి ఆర్పండి, ఒక నిమిషం ఆగండి, మళ్లీ చేయండి. మేము మూడుసార్లు వేసి బదులిస్తాం” అన్నారు. క్లింటన్ డెంట్ అనే పర్వతారోహకుడి సూచనతో 1894లో కొండలెక్కేవాళ్ల కోసం మొదలైన సంకేతం ఇది. పాప వెంటనే పది సెకన్లకు ఒకటి చొప్పున లెక్కపెట్టడం సాధన చేసింది.

రాత్రి గదిలో టార్చిని పైకప్పు వైపు నిలబెట్టాం. వెలుగు కప్పుకు తగిలి గదంతా మెత్తగా పరుచుకుంది. ఇరవై, ముప్పై ల్యూమెన్లు సరిపోయాయి. నీళ్లు నింపిన తెల్లటి డబ్బాకు హెడ్‌ల్యాంప్‌ను లోపలి వైపుకు తిప్పి కడితే అదే లాంతరవుతుంది. పడుకునేటప్పుడు ఒక ల్యూమెన్ కన్నా తక్కువ వెలుగు ఉంచాం. ఇంత తక్కువ వెలుగు ఇవ్వగల టార్చి ఒకే సెల్లు మీద రోజుల తరబడి వెలుగుతుంది. తమ్ముడి పెద్ద టార్చి ఛార్జింగ్ లేక సంచిలోనే ఉండిపోయింది. నా దాంట్లో 18650 సెల్లు ఉంటుంది, 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు. తీసి ఇంకొకటి వేసుకోవచ్చు, కానీ అది ప్రతి చోటా దొరికేది కాదు. పాప టార్చి పెన్సిల్ సెల్లు దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. ఆపద కోసం ఏళ్ల తరబడి దాచే టార్చికి ఒకసారి వాడే లిథియం పెన్సిల్ సెల్లు వేస్తాను. కారే బెడద చాలా తక్కువ, గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తుంది. సంచిలో తనంతట తానే వెలిగి ఖాళీ అయిపోకుండా వెనక మూతను పావు చుట్టు వదులు చేసి పెడతాను.

మూడో రాత్రి తమ్ముడు తడి మెట్ల మీద జారాడు. చీలమండ చూస్తుండగానే వాచిపోయింది, కాలు కింద పెట్టలేకపోయాడు. గాలికి విరిగిన కొమ్మలు దారంతా పడి ఉన్నాయి. నేను వాడి కాలు పట్టుకుని కూర్చున్నాను. పాప తలుపు పక్క మేకుకు తగిలించిన తన చిన్న టార్చి అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆరు. ఒక నిమిషం. మళ్లీ ఆరు. వానలో ఆ చిన్న వెలుగు ఎంత దూరం పోతుందోనని నాకు భయమే. రెండో విడత అయిపోయి నిమిషం లెక్క సగంలో ఉండగా, అవతల పెద్ద భవనం వైపు నుంచి ఒకటి, కాసేపటికి రెండు, మూడు వెలుగులు వచ్చాయి.

“వాళ్లు చూశారు, పెదనాన్నా” అంది పాప. తరువాత కాసేపటికి నేలకు దగ్గరగా నడుము ఎత్తున పట్టుకున్న రెండు దీపాలు కొమ్మలను దాటుకుంటూ మా వైపు రావడం కనబడింది.