వియెలిచ్కా ఉప్పు గనిలో నాన్నగారి శ్వాస చికిత్స

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక వ్యాధి) ఉన్న పెద్దవారిని పోలండ్‌లోని వియెలిచ్కా ఉప్పు గనికి తీసుకువెళ్లదలచినవారు సందర్శకుల టికెట్టు మాత్రం కొనవద్దు. 1978లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ గనిని చూడాలంటే దాదాపు 800 మెట్లు నడవాలి, వాటిలో 380 దాకా మొదట్లోనే దిగాలి. నాలుగడుగులకే ఆయాసపడే నాన్నగారికి అది తగదు కనుక, ఉప్పులో చెక్కిన సెయింట్ కింగా ప్రార్థనాలయాన్ని వదులుకుని నేరుగా గనిలోపలే ఉన్న చికిత్సాలయానికే వెళ్లాము.

అక్కడికి వైద్యుడు పరీక్షించాకే పంపుతారు, లిఫ్టులో దింపుతారు. 135 మీటర్ల లోతున పుప్పొడి, పొగ సోకని తేమగాలి ఉంటుంది. ఉష్ణోగ్రత 13, 14 డిగ్రీలే కాబట్టి స్వెట్టరు, మేజోళ్లు తప్పనిసరి. రాత్రి బస కూడా ఉంది గానీ, చలికి ఓర్వలేని వృద్ధులకు పగటి బసే మేలు. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలడం, కఫాన్ని తేలికగా బయటికి తెచ్చుకోవడం ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయిస్తారు. తెలుగు తప్ప మరో భాష రాని నాన్నగారు ఆమె చేసేది చూసే అన్నీ నేర్చుకున్నారు. ఆయనకు మేలు చేసినది ఉప్పుకన్నా ఈ వ్యాయామమేనని నా దృఢమైన అభిప్రాయం.

ఇక్కడ 1839లోనే బొచ్‌కోవ్‌స్కీ అనే వైద్యుడు ఉప్పునీటి స్నానాలతో చికిత్స మొదలుపెట్టినా, ఉప్పుగాలి సీఓపీడీని తగ్గిస్తుందనడానికి నేటికీ బలమైన ఆధారాలు లేవు. దెబ్బతిన్న ఊపిరితిత్తులను అది బాగుచేయదు. ఇన్‌హేలరు ఒక్క పూట కూడా మానరాదు. మన నగరాల్లో యంత్రంతో ఉప్పుపొడి చిమ్మే గదులకు వెళ్లేవారు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఆ రేణువులు కొందరికి శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి.

గని పక్కనున్న పార్కులో 2014లో కట్టిన చెక్క కట్టడంలో ముళ్లకంపల మీదుగా ఉప్పునీరు జాలువారుతుంది. లోతుకు దిగాలంటే భయపడేవారు దాని చుట్టూ ఆ ఉప్పుగాలిలో తీరికగా నడవవచ్చు.

క్రాకోవ్ నుంచి రైలు అరగంటలోపే చేరుస్తుంది. అయినా రోజూ ప్రయాణపు అలసట లేకుండా వియెలిచ్కాలోనే బస చేయడం మంచిది. క్రాకోవ్‌లో 2019 సెప్టెంబరు నుంచి బొగ్గు, కట్టెలు కాల్చడాన్ని నిషేధించినా, చుట్టుపక్కల పొగ వల్ల చలికాలపు గాలి ఇంకా భారంగానే ఉంటుంది కనుక వేసవిలోనే వెళ్లాలి. విమానంలో గాలి పీడనం సుమారు 2,000 మీటర్ల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఆక్సిజన్ అవసరమవుతుందేమో మీ పల్మనాలజిస్టుతో ముందే పరీక్ష చేయించుకుని, అవసరమైతే టికెట్టు తీసుకునేటప్పుడే విమాన సంస్థకు తెలియజేయండి.